ఊరి చరిత్ర ఎవరి దస్తావేజు?

ఊరి చరిత్ర, తాలూకా చరిత్ర, జిల్లా సర్వస్వం - ఈ పేర్లతో తెలుగులో అచ్చయిన పుస్తకాలకు కొదవ లేదు. రిటైరైన హెడ్మాస్టర్లు, ప్లీడర్లు, దేవాలయ కమిటీలు, హైస్కూలు స్వర్ణోత్సవ సంఘాలు వీటిని వేయిస్తూ వచ్చాయి, ఇప్పటికీ వేయిస్తున్నాయి. పది తిరగేస్తే పదకొండోది చూడకుండానే చెప్పొచ్చు. ముందు ఊరి పేరుకొక సంస్కృత వ్యుత్పత్తి. తర్వాత గుడి, గుడి ముందున్న శాసనం, ఆ శాసనం వేయించిన రాజు. ఆపైన జమీందారు వంశవృక్షం, ఖద్దరు కట్టిన పెద్దల ఫొటోలు, అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ల జాబితా. అన్నీ అయ్యాక వెనకెక్కడో కులాలవారీ లెక్క. మాల ఇన్ని గడపలు, మాదిగ ఇన్ని గడపలు. వందల ఏళ్ల బతుకు ఒక అంకెలో ముగిసిపోతుంది.

ఈ పుస్తకాలను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. వీటిని రాసినవాళ్లు సొంత డబ్బు పెట్టుకుని, ఎండలో తిరిగి, పాడుబడ్డ రాళ్ల మీద అక్షరాలు కూడబలుక్కుని రాశారు. యూనివర్సిటీ చరిత్రకారులు పట్టించుకోని పని అది. అయితే 1956 నుంచి 2014 దాకా ఒకటిగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పటి రెండు రాష్ట్రాల్లో, స్థానిక చరిత్ర పేరుతో వచ్చిన సాహిత్యాన్ని వాడ వైపు నుంచి ఒకసారి చదివి చూడాలి. ఇందులో వాడ ఎందుకు లేదు? రాసినోళ్లకు కులదృష్టి ఉంది గనక అని సమాధానం చెప్పి ఊరుకుంటాం. అది నిజమే గానీ చాలదు. కులదృష్టి లేని మంచివాళ్లు రాసిన పుస్తకాల్లో కూడా వాడ లేదు గదా. కాబట్టి లోపం రాసేవాళ్ల మనసులో కన్నా ఈ రచనా పద్ధతి పుట్టుకలోనే వెతకాలి. తెలుగునాట ఊరి చరిత్ర మొదట దస్తావేజుగా పుట్టింది. ఎవరి హక్కులు రుజువు చేయడానికి పుట్టిందో వాళ్లే అందులో ఉన్నారు.

కైఫీయతుల దగ్గర మొదలుపెడదాం. స్థానిక చరిత్ర రాసే ప్రతివారూ అక్కడికే పోతారు. కాలిన్ మెకంజీ (1754-1821) అనే కంపెనీ సర్వే అధికారి ఊరూరి వివరాలు సేకరింపజేశాడు. పని చేసింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల కింది గుమాస్తాలు. వీళ్లు ఊరికి పోయి అడిగింది కరణాన్ని. కరణం తన దండకవిలె విప్పి, ముక్కంటి పల్లవుడి నుంచి మొదలుపెట్టి గజపతులు, రాయలు, నవాబుల మీదుగా కంపెనీ దాకా రాయించాడు. తర్వాత సి.పి. బ్రౌన్ ఈ రాతలకు నకళ్లు తీయించాడు. గుంటూరు, కడప కైఫీయతులు మన కాలంలో తెలుగులో అచ్చయ్యాయి గనక ఇప్పుడు విద్యార్థులెవరైనా చదువుకోవచ్చు.

చదివేటప్పుడు ఒకటి గమనించాలి. గుంటూరు వైపు కైఫీయతుల్లో చాలాచోట్ల గోపరాజు రామన్న అనే మంత్రి కథ వస్తుంది. శాలివాహన శకం 1067లో, అంటే సుమారు క్రీ.శ. 1145లో, సూర్యగ్రహణం నాడు ఆయన నియోగులకు ఊళ్ల కరణికపు మిరాశీలు ధారపోయించాడని ఆ కథ. సంవత్సరం, తిథి, గ్రహణం, ఏ గోత్రం వారికి ఏ ఊరు - అన్నీ ఉంటాయి. ఆ గ్రహణం నిజంగా పట్టిందా లేదా అని చరిత్రకారులు లెక్కలు వేసుకుంటే వేసుకోనీండి. మాకు ముఖ్యమైంది ఆ తేదీ చేసే పని. ఊరి మీద కరణానికి ఉన్న హక్కుకు ఒక పుట్టిన రోజు ఉంది. కొత్తగా వచ్చిన తెల్లదొర ఎవరి మాన్యాలు ఉంచుతాడో ఎవరివి పీకేస్తాడో తెలియని కాలంలో కరణం ఆ తేదీని కాగితం మీద పెట్టించాడు. గుడి మాన్యం, అగ్రహారం కూడా అట్లాగే ఎక్కాయి. కైఫీయతు చరిత్ర అవునో కాదో గానీ, హక్కుపత్రం మాత్రం అవును.

అదే ఊళ్లో వెట్టివాడికి కూడా మాన్యం ఉండేది. పొలిమేర తగాదా వస్తే హద్దు నడిచి చూపించడం గ్రామసేవకుల పని. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ చేనుకు నీళ్లెప్పుడు పారాలో నీరడికి తెలుసు. ఊరి నేలను అడుగు అడుగునా తెలిసినవాడు ఈ మాలాయన, ఈ మాదిగాయన. ఊరి చరిత్ర చెప్పమని వీళ్లనెవరూ అడగలేదు. వీళ్లు చూపించిన హద్దునే కరణం రాసుకున్నాడు, రాసిన కరణం చరిత్రకు మూలపురుషుడయ్యాడు. అక్షరం లేకపోవడమొక్కటే ఇందుకు కారణమంటే మేము ఒప్పుకోం. నోటిమాటగా చెప్పినదాన్ని రాసుకోవడానికే గదా గుమాస్తాలు వచ్చింది.

తెల్లదొరల జిల్లా మాన్యువళ్లు తర్వాతి మెట్టు. బాస్వెల్ నెల్లూరు మీద (1873), గ్రిబుల్ కడప మీద (1875), మోరిస్ గోదావరి మీద (1878), గోర్డన్ మెకంజీ కృష్ణా మీద (1883), గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మీద (1886) రాశారు. 1900 తర్వాత ఫ్రాన్సిస్, హెమింగ్వే, బ్రాకెన్‌బరీల గెజిటీర్లు వచ్చాయి. వీటిలో మన గురించి ఉంది. ఇబ్బందల్లా ఏ అధ్యాయంలో ఉందనేదే. గెజిటీరులో 'చరిత్ర' ఒక అధ్యాయం, 'ప్రజలు' ఇంకో అధ్యాయం. రాజులు, పాళెగాళ్లు, కలెక్టర్లు మొదటి దాంట్లో. మాల, మాదిగ, యానాది, ఎరుకల రెండోదాంట్లో. మొదటి అధ్యాయంలో సంవత్సరాలుంటాయి, రెండో అధ్యాయంలో అలవాట్లుంటాయి. ఏం తింటారు, ఏ దేవతకు ఏం కోస్తారు, మనువు ఎట్లా చేసుకుంటారు అని. రాజుకు కాలం ఉంది, మాదిగకు ఆచారం ఉంది. థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాలు ఈ పద్ధతికి పరాకాష్ఠ. స్వతంత్రం వచ్చాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన జిల్లా గెజిటీర్లు కూడా ఈ అధ్యాయాల విభజనను అట్లాగే ఉంచుకున్నాయి. తెల్లవాడు పోయాడు, పట్టిక పోలేదు.

తెలుగువాళ్లు సొంతంగా రాసుకున్న చరిత్ర దీన్ని మార్చిందా? 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది, 1910 నుంచి చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర వచ్చింది, 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. భారతి పత్రిక 1924 నుంచి 1991 దాకా శాసనాల మీద వ్యాసాలు వేస్తూనే ఉంది. ఆ శ్రమను తక్కువ చేయలేం. కానీ శాసనం అనేది కూడా దస్తావేజే. దానం ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి పేరు, దానం చెడగొట్టినవాడికి తగిలే పాపం - ఇవి ఉంటాయి. శాసనాన్ని ప్రధాన ఆధారంగా పెట్టుకున్న చరిత్రలో దానం ఇవ్వలేనివాడికీ, పుచ్చుకునే అర్హత లేనివాడికీ చోటెక్కడిది?

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, రాకూడని దోషాలేమిటో ఆ రాతి మీద ఉన్నాయి. సాంకేతిక చరిత్ర రాసేవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు, పెట్టుకోవాల్సిందే. ఆ శాసనంలోనే ఇంకో లెక్క ఉంది. రోజుకు 1000 మంది కూలీలు, రాళ్లు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ల పని. ఇంత స్పష్టంగా శ్రమను లెక్కగట్టి చెప్పిన శాసనాలు అరుదు. రెండేళ్లపాటు రోజుకు వెయ్యి మంది అంటే ఎంతమంది వచ్చారు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఎక్కడ గుడిసెలు వేసుకున్నారు, ఏం కూలి పుచ్చుకున్నారు, పని అయ్యాక ఆ చెరువులో దిగి నీళ్లు ముంచుకోనిచ్చారా అని అడిగిన స్థానిక చరిత్ర మాకు కనబడలేదు. శాసనం ఇచ్చిన అంకెను మళ్లీ అంకెగానే అప్పజెప్పారు.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఈ వరసలో వేరేది. రాజులను పక్కనబెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, పన్నులు చరిత్ర చేసినవాడు ఆయన. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం ఈ పుస్తకానికే వచ్చింది. మా తరం విద్యార్థులకు అది కళ్లు తెరిపించిన పుస్తకం. అయినా ఆయన ఆధారాల్లో ఎక్కువ భాగం కావ్యాలు. కావ్యంలో మాల, మాదిగ కనిపించేది కవి వీధిలో పోతూ చూసినంత మేరకే. అరుగు మీద కూర్చుని చూస్తే వాడలోపలి సంగతి ఎట్లా తెలుస్తుంది? సాంఘిక చరిత్ర అనే మంచి తలుపు తెరిచి, లోపలికి మాత్రం కవి చేయి పట్టుకునే పోయాడు.

పల్నాడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పల్నాటి స్థానిక చరిత్రలన్నీ బ్రహ్మనాయుడి చాపకూడును, మాల కన్నమదాసును తలుచుకుంటాయి. మంచిదే. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించిన 'పల్నాటి వీరచరిత్ర' శ్రీనాథుడి పేరుతో 1911లో అచ్చయింది. అప్పటి నుంచి కథకు కర్త శ్రీనాథుడైపోయాడు. తరతరాలుగా ఆ కథను నోటి మీద నిలబెట్టిన వీరవిద్యావంతులు మాల కులస్తులు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలేయ్య పాడగా రికార్డు చేసి, దాన్ని 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. గాయకుడి పేరు పుస్తకంలో కర్త స్థాయిలో కనబడటానికి అంత దూరం నుంచి మనిషి రావాల్సి వచ్చింది. మన స్థానిక చరిత్రల్లో కన్నమదాసు వీరుడు, కన్నమదాసు కథ పాడేవాడు మాత్రం 'జానపద కళాకారుడు'.

ఇక రెండో వైపు. వాడకు ఆధారాలు లేవు, రాతలు లేవు, అందుకే రాయలేకపోయాం అనే మాట ఉంది చూశారా, దాన్ని ఒంగోలు ఒక్కటే కొట్టేస్తుంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. ఆ ప్రాంతపు మాదిగల గురించి పందొమ్మిదో శతాబ్దంలోనే ఊళ్ల పేర్లతో, మనుషుల పేర్లతో గుట్టలకొద్దీ రాత ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆ కదలికకు మొదటి మనిషి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్లౌ ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు - క్లౌ పెట్టిన షరతులు ఇవి. కొంచెం ఆగి ఆలోచిస్తే మొదటి షరతు మతం కన్నా వెట్టికి సంబంధించింది. వారానికి ఒకరోజు ఊరి పిలుపుకు పోనక్కర్లేదని వాడ చెప్పడం అప్పుడు మొదలైంది. పెద్దరైతులకు, కరణాలకు కోపం ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా?

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద ఒక పుస్తకమే రాసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. పేరయ్య క్రైస్తవం పుచ్చుకోక ముందు రాజయోగ మార్గంలో ఒక స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొందినవాడని అందులో ఉంది. ఇది చిన్న విషయం కాదు. మిషనరీ రాకముందు వాడ చీకట్లో ఉందన్న మిషనరీ కథనానికీ, మిషనరీ వచ్చి మతం మార్చి చెడగొట్టాడన్న హిందూ కథనానికీ ఇద్దరికీ ఇది అడ్డం తగులుతుంది. వాడలో గురువులున్నారు, ఆడ గురువులున్నారు, కుల గోడలు దాటి నడిచిన మార్గాలున్నాయి. ఈ పుస్తకాలను కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. చందాలిచ్చే అమెరికన్ సంఘాలను మెప్పించడానికి రాసినవి. అయితే రాజును మెప్పించడానికి రాసిన శాసనాన్ని నమ్మి, సంఘాన్ని మెప్పించడానికి రాసిన రిపోర్టును తోసేయడం ఏం శాస్త్రీయత? మా అనుభవంలో ఒంగోలు వైపు ఊరి చరిత్రలు మిషన్ సంగతిని 'విద్యా సంస్థలు' అనే శీర్షిక కింద ఆసుపత్రి, హైస్కూలుతో సరిపెడతాయి.

మిషన్ లేని చోట్ల? అక్కడ భూమి రికార్డులున్నాయి. మా వ్యాసం అసలు ఉద్దేశం ఇక్కడుంది. కోస్తా, రాయలసీమల్లో ఇనాం ఫెయిర్ రిజిస్టరు, డైగ్లాటు, అడంగలు. తెలంగాణలో సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ. వెట్టి మాన్యం, నీరడి ఇనాం, చెరువు పోరంబోకు, శ్మశానం - ఇవి ఏ సర్వే నంబర్లో ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో వీటిలో వెతకాలి. ఊరి చరిత్ర రాసేవాళ్లు శాసనం కోసం పొదల్లో దూరతారు గానీ తాసీల్దారు ఆఫీసు రికార్డు రూముకు పోరు. 1984లో ప్రభుత్వం వంశపారంపర్య కరణీకాన్ని, మునసబు గిరీని రద్దు చేసింది. ఆ తర్వాత కూడా పాత కాగితాలు కొన్ని చోట్ల పాత ఇళ్ల అటకల మీదే ఉన్నాయని ఊళ్లలో చెప్పుకుంటారు. మాదిగ మాన్యం అని జనం నోట ఉన్న చేను కాగితంలో ఎవరి పేరు మీదికి ఎప్పుడు పోయిందో తెలుసుకోవడం కన్నా గొప్ప స్థానిక చరిత్ర ఏముంటుంది? 1977 అసైన్డు భూముల చట్టం కింద తగువు పడే వాడకు, శ్మశానం దున్నేశారని పిటిషను పెట్టుకునే వాడకు కావాల్సింది ఈ చరిత్రే. కరణం తన హక్కు కోసం 1145 దాకా వెనక్కి పోయాడు. మన పిల్లలు 1954 దాకా పోతే చాలు, చాలా ఊళ్లలో లెక్క మారుతుంది.

ఇట్లా చెబితే, దళితులు తమ చరిత్ర తాము రాసుకోలేదా అని ఎవరైనా అడగొచ్చు. రాసుకున్నారు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ తన పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకుంది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారు. బెజవాడ చరిత్ర రాసేవాళ్లకు ఈ మూసిన తలుపు కనబడదు. హైదరాబాదులో వర్మ నడిపిన భాగ్యనగర్ పత్రిక, అందులో ఆయన రాసిన 'వెట్టి మాదిగ' నవల, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న నడిపిన జయభేరి - ఇవన్నీ స్థానిక చరిత్రకు ఆధారాలు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో రెండు భాగాలుగా ఇంగ్లీషులో రాసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్' హైదరాబాదు రాష్ట్రంలో దళితోద్యమానికి దాదాపు రోజువారీ లెక్క. ఎవరు ఏ మీటింగు పెట్టారు, ఎవరు ఎవరితో విడిపోయారు, ఎందుకు విడిపోయారు - మొగమాటం లేకుండా రాశాడు. తమ నాయకుల తగాదాలు దాచకుండా రాసిన ఇట్లాంటి పుస్తకం ఆధిపత్య కులాల స్థానిక చరిత్రల్లో ఒక్కటి చూపించండి. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్టు దాన్ని తిరిగి వేసేదాకా, 65 ఏళ్లపాటు, అది పరిశోధకుల జిరాక్సుల్లోనే బతికింది. దానికీ లోట్లున్నాయి. ఎక్కువ భాగం జంట నగరాల నాయకుల సంగతే. పల్లెటూరి వాడ తక్కువ, ఆడవాళ్లు ఇంకా తక్కువ. గోగు శ్యామల రాసిన సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని' (2011) చదివితే ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

అయితే మన రాతల్లో ఎక్కువ భాగం ఊరి వైపు రాలేదు. 'ఆది' అనే మాట వెంటబడి పోయాయి. మేమే ఈ దేశపు మూలవాసులం, మేమే ఒకప్పుడు రాజులం, ఆర్యులొచ్చి కిందికి తోశారు - ఈ వాదన 1920లలో చేసిన మేలు మాకు తెలుసు. తలవంచుకున్న మనిషికి తలెత్తే మాట అది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకోవడం ఒక గెలుపే. కానీ వందేళ్లయినా మన కరపత్రాలు, సావనీర్లు అదే మెట్టు మీద నిలబడితే ఎట్లా? సింధు నాగరికత మనదని చెప్పుకుంటాం, మన వాడ పక్కన కుంట ఎవరిదో చెప్పలేం. ఎవరో రాజు మన కులం వాడేనని ఒకాయన పుస్తకం వేస్తే ఇంకొకాయన వేరే రాజును తెస్తాడు. ఇది కైఫీయతు పద్ధతే. వంశం పాతదైతే హక్కు గట్టిదనే కరణం తర్కాన్ని మనం అరువు తెచ్చుకున్నాం. కరణం ఆ వంశకథ చివర మిరాశీ రాయించుకున్నాడు. మన వంశకథల చివర ఏమీ లేదు.

వాడ చరిత్రను వివరంగా మొదట అచ్చులోకి తెచ్చినవి నిజనిర్ధారణ నివేదికలని మా అభిప్రాయం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన తగువు అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. పౌరహక్కుల సంఘాలు, దళిత మహాసభ, 1989లో మొదలైన నలుపు పత్రిక - వీటి రాతల్లో మొదటిసారి ఎవరికి ఎన్నెకరాలు, ఏ చెరువుకు ఎన్ని రేవులు, వాడలో ఎంతమంది చదువుకున్నారు, ఎవరు రైల్వేలో పని చేస్తున్నారు, సినిమా హాల్లో ఏం జరిగింది అనేవి వరసగా వచ్చాయి. కార్యకర్తలు నాలుగు రోజుల్లో హడావుడిగా రాసిన ఆ కరపత్రాలు పండితులు నలభై ఏళ్లు రాసిన జిల్లా చరిత్రల కన్నా ఎక్కువ చెప్పాయి.

కానీ ఇందులో ఉన్న విషాదం చూడాలి. శవాలు లేస్తే తప్ప వాడ చరిత్రలోకి రాలేదు. నివేదిక హత్య జరిగిన తేదీ నుంచి మొదలవుతుంది, అంతకు ముందున్న మూడు తరాలు 'నేపథ్యం' అనే ఒక పేరాలో సర్దుకుంటాయి. నివేదిక తర్వాత సంగతి కోర్టు ఫైలుకు పోతుంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కోర్టు ఫైలునే చరిత్ర అనుకుంటే 2014 తర్వాత చుండూరులో ఏం జరిగినట్టు? చనిపోయినవాళ్ల సమాధులు ఊరి నడుమ ఉన్నాయి. ఆ ఊరి చరిత్ర రాసేవారు ఎవరైనా సరే ఆ సమాధుల దగ్గర నుంచి రాయాలి. కారంచేడు మాదిగలు చీరాల పోయి కాలనీ కట్టుకున్నారు. వాళ్ల చరిత్ర ఇప్పుడు ఏ ఊరి చరిత్రలో చేరాలి? కారంచేడుదా, చీరాలదా? స్థానిక చరిత్ర అనే మాటలో 'స్థానం' అంటే ఊరు అనుకున్నంత కాలం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఊరు విడిచిపోవడం కూడా వాడ చరిత్రలో భాగమే.

తెలంగాణలో ఈమధ్య కాలేజీ విద్యార్థుల చేత సొంత ఊళ్ల చరిత్ర రాయించే ప్రయత్నాలు జరిగాయి. మంచి సంగతి. మాకున్న భయమొకటే. మేష్టారు ఇచ్చే ప్రశ్నావళి పాత పట్టికే అయితే, వాడ పిల్లవాడు కూడా గుడితో మొదలుపెట్టి కులాల లెక్కతో ముగిస్తాడు. వాళ్ల నాయనమ్మకు తెలిసిన పొలాల పేర్లు, కూలి రేటు పెంచమని నాట్లు ఆపిన సంవత్సరం, మొదటిసారి డప్పు కొట్టనన్నది ఎవరు, కొట్టనందుకు ఎన్నాళ్లు కిరాణా కొట్లో సరుకు ఇవ్వలేదు - ఇవి అడగాల్సిన ప్రశ్నలని ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లవాడికి అవి చరిత్ర అనిపించవు. పాఠాలు చెప్పే మిత్రులు ఈ పని తమ మీద వేసుకోవాలి.

మన లోపలి సంగతి కూడా ఒకటి మిగిలింది. 'దళితుల చరిత్ర' అని ఏకవచనంలో రాసే అలవాటు. ఒంగోలు మిషన్ చరిత్ర ప్రధానంగా మాదిగల చరిత్ర. ఆది హిందూ ఉద్యమ నాయకత్వం ఎక్కువగా మాలలది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు ఈ తేడా రాజకీయాల్లోకి వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. చరిత్ర పుస్తకాలు మాత్రం ఇంకా రెండు వాడలను ఒకే పేరాలో సర్దుతున్నాయి. మాలపల్లెకు, మాదిగ గూడేనికి మధ్య బావి ఎవరిది, ఏ కాలంలో ఎవరికి స్కూలు అందింది అనేవి ఊరి స్థాయిలోనే తేలే విషయాలు. రాష్ట్ర స్థాయి నినాదాల్లో తేలవు.

మాదిగ వాడల్లో చరిత్ర చెప్పే మనిషి ఉన్నాడు. దక్కలాయన. గుడ్డ మీద బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెబుతాడు, మాదిగల గోత్రాలు, వంశాలు అప్పజెబుతాడు. కరణానికి దండకవిలె ఎట్లాగో మాదిగలకు దక్కలాయన నాలుక అట్లాగ. దక్కలోళ్లు మాదిగలను తప్ప ఇంకొకరిని అడుక్కోరు. వాళ్ల గుడిసె మాదిగ వాడకు అవతల ఉంటుంది. మాదిగ ఇంటి లోపలికి వాళ్లను రానివ్వరు. షెడ్యూల్డు కులాల జాబితాలో వాళ్ల పేరు ఒక వరసలో ఉంటుంది, అంతే. ఇంతమంది వంశాలు నోటికొచ్చిన ఆ మనిషి సొంత వంశం ఏ పుస్తకంలో ఉందో, ఆయన గుడిసె ఏ సర్వే నంబర్లో ఉందో వెతికిన పరిశోధన రావాలి. మాదిగ వాడ చరిత్ర రాయబోయే మిత్రులు ముందుగా ఆ గుడిసెకు పోయి ఆయన్ను ఆయన చరిత్రే అడగాలి, వీళ్ల చరిత్ర తర్వాత.